ఆ కిలోమీటరు

నరసన్నపేట దాటేసరికి ఇంకా తెల్లారలేదు.
కూర్మినాయకులు టార్చి వేసి
రోడ్డు పక్క రాయి మీద అంకె చదివాడు,
రేషను షాపులో పేరు పిలిచినట్టు.
"ఇంకేటి, టెక్కలి ఎంతో నేదు" అన్నాడు.
నిన్న మడపం వంతెన మీదా ఇదే మాట.
కింద వంశధార, నీళ్ళ కంటే ఇసకే ఎక్కువ.

పూరీ ఇంకా పన్నెండు రోజులు.
నా ఎడమ మడమకి ఆ సంగతి
ఎవరూ చెప్పలేదు.

తొమ్మిదింటికే ఎండ ముదిరిపోయింది.
తారుకి అంటుకున్న చెప్పు లేస్తుంటే
పెనం మీంచి అట్టు ఊడదీసిన చప్పుడు.
ఒరిస్సా లారీ పోయినప్పుడల్లా
వెనకే వచ్చే వేడిగాలి
బాకీ వసూలుకొచ్చిన మనిషిలా
కొంగు పట్టుకుని లాగుతోంది.
పారమ్మ భజన ఆపేసింది.
అసిర్నాయుడు మాటాడ్డం లేదంటే
కాళ్ళు పోతున్నట్టే లెక్క.

నేను జూటు మిల్లు మనిషిని. స్పిన్నింగు ఖాతా.
రెండు ఫ్రేముల మధ్య సందులో
తెగిన పోగు ముడేసుకుంటూ
అటూ ఇటూ, అటూ ఇటూ
ఇరవై ఆరేళ్ళు నడిచాను.
ఆ దారిలో ఎవరూ రాళ్ళు పాతలేదు.
ఒక్క ఊరూ రాలేదు.

గేటుకి తాళం పడ్డ నాడు మొక్కుకున్నాను,
తెరిపించు జగన్నాథా, నీ గుమ్మం దాకా నడిచొస్తానని.
మూడేళ్ళైంది. తాళానికి తుప్పు పట్టింది.
"మరేటికే నడవడం?" అంది మా ఆడపడుచు.
ఆయన మాట ఆయన నిలబెట్టుకోకపోతే
నా మాట నేనెందుకు పోగొట్టుకోవాలన్నాను.
అలా అన్నాను గానీ,
అసలు సంగతి, కూచోబెడితే ఈ కాళ్ళు ఊరుకోవడం లేదు.
నిద్రలో కూడా అటూ ఇటూ.

కోటబొమ్మాళి దగ్గర జీడిచెట్ల కింద
ఒకావిడ చోడంబలి పోసింది,
నంజుకోడానికి ఉల్లిపాయ.
పేరడిగితే చెప్పలేదు.
"బేగి తాగండర్రా, గిన్నెలు తోముకోవాల."
అంత పుణ్యాన్ని అంత విసుగ్గా చేసిన మనిషిని
నేనెక్కడా చూళ్ళేదు.

రెండు గంటలప్పుడు చెప్పు తెగింది.
పిన్నీసు పెట్టాను. పిన్నీసు వంగింది.
మావాళ్ళు చీమలంత దూరంలో.
వెనకనించి ఉప్పు బస్తాతో ఒక మోపెడ్ వచ్చి ఆగింది.
నౌపడా కుర్రాడు, చెవుల్లో తీగలు.
"ఎక్కండి పిన్నీ."

ఎక్కాను.

ఉప్పు మీద కూచుని
తాటిచెట్లు వాటంతటవే వెనక్కి పోవడం చూశాను.
మెడ మీద గాలి.
పాపం ఇంత చల్లగా ఉంటుందని
ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరేం!
ఒక రాయి దాటింది. ఆపమన్నాను.
"ఊరు రానేదు గదా?"
"అందుకే బాబూ."

టెక్కలి. బడి వరండా.
పగలంతా కాగిన గచ్చు ఇంకా వెచ్చగానే ఉంది.
పారమ్మ సెల్లు లైటు పట్టుకుంది.
మిల్లు నించి తెచ్చుకున్న ఒకే ఒక్క ఆస్తి,
పిడికెడు నూలుకండె.
అందులోంచి ఒక పీచు లాగి, సూదికెక్కించి
బొబ్బకి ఇటునించి అటు దూర్చి వదిలేశాను.
నీరు దారం పట్టుకుని చుక్కచుక్కగా దిగింది.
చెయ్యి ఇంకా పని మర్చిపోలేదు.

అప్పుడు చెప్పేశాను, మోపెడ్ సంగతి.
అసిర్నాయుడు పడీపడీ నవ్వాడు.
పారమ్మకి కోపం, తనని పిలవలేదని.
కూర్మినాయకులు మాత్రం నవ్వలేదు.
వేళ్ళ మీద లెక్క వేసుకుని,
"రేపు పొద్దున్న చెప్పు కుట్టించుకోడానికి
బజారెళ్ళి రావాల గదా,
అది ఇందులో రాసుకో" అన్నాడు.

లైటు ఆర్పారు. దోమలు.
అరికాలు రాత్రి షిఫ్టు మిల్లులా కొట్టుకుంటోంది.
ఆయన బాకీ అలాగే ఉంది.
నా బాకీ తీరుతుందో లేదో
చెప్పులు కుట్టేవాడు ఎంత దూరంలో కూచుంటాడో
తెల్లారి అడగాలి.